అప్‌డేట్: 'సిన్సియర్' లాటిన్ మూలం తేలింది, మైనం కథ కాదు

పగిలిన పాలరాతి బొమ్మలకు మైనం పూసి అమ్మేవారని, అందుకే 'మైనం లేనిది' అనే లాటిన్ మాటల నుంచి సిన్సియర్ పుట్టిందని మా పాప స్కూల్ స్పీచ్‌లో ఉంది, నిజమేనా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్ (అవునన్నవాళ్లే ఎక్కువ!).

పెద్ద డిక్షనరీలో వ్యుత్పత్తి చూడమన్న సలహా పనికొచ్చింది. ఎంవీపీ కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ గారు దగ్గర కూర్చోబెట్టుకుని చూపించారు. అసలు మాట 'సిన్‌కేరుస్'. అంటే శుభ్రమైనది, కల్తీ లేనిది. 'ఒకటి', 'పెరుగు' అనే ధాతువులు కలిసి, వేరేదేదీ కలవకుండా ఒకటిగా పెరిగింది అనే అర్థం వచ్చి ఉండొచ్చట. మైనం కథకు ఆధారం లేదు. రోమన్ కవి హోరేస్ ఈ మాటను గిన్నెకు వాడాడు: గిన్నె శుభ్రంగా లేకపోతే అందులో ఏం పోసినా పులిసిపోతుందని. మన భాండశుద్ధి గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. ఇంగ్లిష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది.

జవాబుల్లో కొందరు ఇచ్చిన శిల్పుల చరిత్ర లింకులు అక్కర్లేకపోయాయి. జవాబుల్లో వచ్చిన ఇంటెగ్రిటీ (నిజాయితీ) అనే మాట సంగతి కూడా వేరే, దానికీ సిన్సియర్‌కీ మూలం ఒకటి కాదు. అది 'ఇంటెగెర్', అంటే చెక్కుచెదరనిది, అన్న మాట నుంచి వచ్చింది.