ఆర్వీ షవర్ లీకు: సిలికాన్ కొడితే చాలా, ప్యాన్ విప్పాల్సిందేనా?

చక్రాల_ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది 14 ఏళ్ల పాత ట్రావెల్ ట్రెయిలర్, అంటే బండి వెనక కట్టి లాగే ఆర్వీ (చక్రాల మీద ఇల్లు). షవర్ పక్కనే బట్టల అలమర ఉంది. అందులో నేల మెత్తబడింది, బొటనవేలితో నొక్కితే లోపలికి దిగుతోంది. మొన్న స్నానం చేశాక అలమర అడుగు చెక్క ఎత్తి చూస్తే షవర్ ప్యాన్ (స్నానానికి నిలబడే అడుగు పళ్లెం) వైపు అంచంతా తడి. ఇళ్ల ప్లంబింగ్‌లో అనుభవం ఉన్న మా మామయ్య చూసి, "ప్యాన్ చుట్టూ పాత సిలికాన్ గీకేసి కొత్తది కొట్టు, అయిపోతుంది" అన్నారు. రిపేరుకు చూపిస్తే వాళ్లేమో షవర్ మొత్తం బయటికి తీయాల్సిందే అంటున్నారు. వచ్చే నెల పిల్లలతో ప్రయాణం పెట్టుకున్నాం, ఒకటే టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

రహదారి_రాజు:
నా ఓటు మీ మామయ్యకే. బండి రోడ్డు మీద ఊగుతూనే ఉంటుంది కాబట్టి గోడకీ ప్యాన్‌కీ మధ్య అతుకు విడిపోవడం మామూలే. నా బండిలో రెండుసార్లు ఇలాగే అయింది, రెండుసార్లూ సిలికాన్‌తోనే ఆగింది. ఇంకో సంగతి, 14 ఏళ్ల ప్లాస్టిక్ ప్యాన్‌ని విప్పడం అంత తేలిక కాదు. ఎండకీ చలికీ పెళుసుబారి ఉంటుంది, స్క్రూ తీస్తుంటేనే అది పట్టే అంచు చెవులు విరుగుతాయి. అదే కొలతలో కొత్త ప్యాన్ దొరక్కపోతే పూర్తిగా ఇరుక్కుపోతారు. ముందు ఒక సాయంత్రం పని చేసి చూడండి. తగ్గకపోతే అప్పుడు విప్పొచ్చు.

నట్టు_బోల్టు:
రాజు గారూ, విప్పడంలో ఉన్న ప్రమాదం గురించి మీరు చెప్పింది నిజమే. కానీ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలియకుండా సిలికాన్ కొట్టడం నాకు అసలు నచ్చదు. లీకు ప్యాన్ కిందనో గోడ వెనకో ఉంటే, పైన కొత్త సిలికాన్ మెరుస్తూ ఉంటుంది, కింద చెక్క పుచ్చిపోతూ ఉంటుంది. మనకి కనబడదు కాబట్టి బాగైపోయిందనుకుంటాం. నాకు అదే జరిగింది. ఏడాది తర్వాత బయటి గోడ ఫైబర్‌గ్లాస్ ఉబ్బింది. లోపల చెక్క ఫ్రేము చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

షవర్ దగ్గర లీకు మూడు రకాలు: ఒత్తిడితో వచ్చే నీళ్లు, పైనుంచి చిమ్మే నీళ్లు, కిందికి పోయే నీళ్లు. ఏ రకమో తేల్చుకోవడానికి పెద్ద సామాను అక్కర్లేదు.

ట్యాపులన్నీ కట్టేసి, ట్యాంకు నుంచి ట్యాపులకి నీళ్లు తోసే పంపు ఆన్ చేయండి. ఒత్తిడి నిండగానే అది ఆగిపోవాలి. ఆ తర్వాత ఎవరూ నీళ్లు వాడకపోయినా మధ్యమధ్యలో టర్రుమంటే ఎక్కడో ఒత్తిడి పోతోందన్నమాట. అంతమాత్రాన షవర్‌దే తప్పనకండి. టాయిలెట్ వాల్వ్, హీటర్ వెనక జాయింటు, నీళ్లు వెనక్కి పోకుండా పంపులోనే ఉండే చెక్ వాల్వ్, ఏదైనా కావచ్చు. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది. షవర్ ట్యాపు నుంచి పైన హెడ్ దాకా వెళ్లే పైపులో ట్యాపు తిప్పినప్పుడే నీళ్లుంటాయి. అది కారుతుంటే ఈ పరీక్షలో దొరకదు. హెడ్‌ని బకెట్లో పెట్టి, ప్యాన్ మీద చుక్క పడకుండా పది నిమిషాలు నీళ్లు వదలండి. ట్యాపు వెనక గోడకి తలుపు ఉంటే తీసి, ప్రతి జాయింటునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి. కంటికి కనబడని చెమ్మ టిష్యూ మీద మచ్చలా తేలుతుంది.

తర్వాత ప్యాన్. డ్రెయిన్‌కి బిరడా బిగించి అంగుళం ఎత్తు నీళ్లు నింపండి. మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి రెండు మూడు గంటలు వదిలేయండి. ఆ నీళ్లలో కొంచెం ఫుడ్ కలర్ కలపండి, కింద ఎక్కడ తేలినా గుర్తుపడతారు. నీళ్లు తగ్గకపోతే చెప్పులు విప్పి అందులో దిగండి, కాలు మార్చి మార్చి నిలబడండి. ఇది తప్పనిసరి. చాలా బండ్లలో ప్యాన్ పల్చటి ప్లాస్టిక్కే, దాని కింద సరైన ఆధారం ఉండదు. నీళ్లొక్కటే ఉన్నంతసేపు కదలదు, మనిషి బరువు పడితేనే అతుకు తెరుచుకుంటుంది. చివర్లో బిరడా తీసేసి, నీళ్లన్నీ ఒక్కసారి పోతున్నప్పుడు కింద పైపు దగ్గరా, ట్రాప్ (డ్రెయిన్ కింద వంపు పైపు) దగ్గరా చూడండి.

ఇవన్నీ బాగుంటేనే గోడల మీదికి వెళ్లండి. చేతి షవర్‌తో ఒక్కొక్క మూలా తడిపి, మధ్యలో పావుగంట ఆగి, తర్వాతి మూలకి వెళ్లండి. అన్నీ ఒకేసారి తడిపితే ఏం తెలుసుకున్నట్టు?

రహదారి_రాజు:
పరీక్ష వద్దని నేననలేదు. కానీ అలమర నేల ఇప్పటికే మెత్తబడింది, తడి తగిలే కొద్దీ ఇంకా పాడవుతుంది. ముందు అడ్డుకట్ట వేయడంలో తప్పేముంది? వేస్తే మాత్రం సరిగ్గా వేయాలి. పాత సిలికాన్ మీద కొత్తది అంటదు, పూర్తిగా గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనివ్వాలి. ప్యాన్‌లో నిలబడి కొట్టాలి, లేదా లోపల బరువు పెట్టాలి. అప్పుడు సందు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, తర్వాత ఎవరు దిగినా అతుకు చీలదు. బరువు ఆరేదాకా తీయకూడదు, 24 గంటలు నీళ్లు తగలనివ్వకూడదు. తలుపు ఫ్రేము అడుగున లోపలి వైపు చిన్న కన్నాలుంటాయి, వాటిని మూసేయొద్దు. ఫ్రేములోకి చేరిన నీళ్లు వాటిలోంచే తిరిగి ప్యాన్‌లోకి పోతాయి. మూసేస్తే బయటికి పొర్లి నేల మీదికొస్తాయి.

నీలి_తార్పాలు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. షవర్ మీద ప్లాస్టిక్ గుమ్మటం లాంటి స్కైలైట్ ఉందా? మాకు నెలల తరబడి షవర్ లీకు అనుకున్నది చివరికి దాని అంచున వచ్చిన పగులు. వాన పడ్డ మర్నాడే తడి కనిపించేది, మేం గమనించలేదు. గోడ లోపలినుంచి దిగి ప్యాన్ పక్కనే తేలేది. నాలుగు రోజులు షవర్ వాడకుండా తడి ఎప్పుడొస్తుందో రాసుకోండి. అలాగే గ్రే ట్యాంకు (షవర్, సింకుల్లో వాడిన నీళ్లు చేరే ట్యాంకు) నిండితే నీళ్లు ముందు షవర్‌లోంచే పైకొస్తాయి, అందరికంటే కింద ఉన్న కన్నం అదే కదా. బండి ఒక వైపు ఒరిగి నిలబడితే ప్యాన్ అంచు దాటి కూడా పోతాయి.

చక్రాల_ఇల్లు:
అందరికీ థాంక్స్. శని, ఆదివారాలు ఇదే పని మీద ఉన్నాను. ట్యాంకు ఖాళీ చేశాను, బండి మట్టం చూశాను. వాన లేదు. పంపు గంటన్నర మోగలేదు. బకెట్ పరీక్షలో టిష్యూలన్నీ పొడిగానే ఉన్నాయి.

ప్యాన్‌లో ఎర్ర రంగు కలిపి నింపాను. మూడు గంటలైనా పెన్సిల్ గీత దగ్గరే నీళ్లు. ఇక మామయ్య మాటే నిజమనుకున్నాను. చివరగా మా ఆవిడ ప్యాన్‌లో దిగి నిలబడింది, నేను అలమర అడుగున పడుకుని టార్చ్ వేసి చూశాను. తను కుడికాలి మీద బరువు మార్చగానే డ్రెయిన్ చుట్టూ ప్లాస్టిక్ కిందికి వంగింది. నట్టు అంచున ఎర్రటి చుక్క ఒకటి ఊరి, వేలాడి, చెక్క మీద పడింది. కాలు తీస్తే ఆగింది. మళ్లీ పెడితే మళ్లీ వచ్చింది. ఐదారుసార్లు చేయించాను.

ఇంకొకటి చెప్పాలి. రెండేళ్ల కింద ఆ డ్రెయిన్‌ని మామయ్యే ప్లంబర్ పుట్టీ (అతుకుల్లో పెట్టే మెత్తటి ముద్ద) పెట్టి బిగించారు.

నట్టు_బోల్టు:
దొరికింది! మామయ్య గారిని తప్పుపట్టకండి, ఇళ్లల్లో ఎన్నో చోట్ల అదే వాడతారు. కానీ నూనె ఉండే పుట్టీ ఇలాంటి ప్యాన్లకి వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌కి పడదు, పోనుపోను పగుళ్లు తెస్తుంది. డ్రెయిన్ విప్పాక కన్నం చుట్టూ వెలుతురులో బాగా చూడండి. వెంట్రుకంత గీతలు లేకపోతే ప్యాన్ బతికినట్టే. శుభ్రం చేసి, సిలికాన్‌తో కూర్చోబెట్టి బిగించండి. నట్టు మరీ గట్టిగా లాగొద్దు.

దాంతో ఆపితే మాత్రం ఆరు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు. ప్యాన్ వంగడమే అసలు జబ్బు. కింద ఆధారం పెట్టాలి.

రహదారి_రాజు:
ఒప్పుకుంటున్నాను, ఈ చుక్క పైన కొట్టే సిలికాన్‌కి ఆగేది కాదు. కానీ చూడండి, ప్యాన్ విప్పాల్సిన పని కూడా పడలేదు! అలమర వైపు నుంచే చెయ్యి పెట్టొచ్చు. ఆధారానికి స్ప్రే ఫోమ్ కొడితే సరి, మూలమూలకీ వెళ్తుంది.

నట్టు_బోల్టు:
ఫోమ్‌కి నేను ఒప్పుకోను. ఎక్కువ ఉబ్బే రకమైతే ప్యాన్‌ని పైకి ఎత్తేస్తుంది, నీళ్లు డ్రెయిన్ వైపు వాలవు. రేపు మళ్లీ కారితే తడి ఫోమ్‌కీ చెక్కకీ మధ్య చిక్కుకుంటుంది, ఆరదు. డ్రెయిన్‌ని కూడా కప్పేస్తే నట్టు చేతికి అందదు. తడికి పాడవని గట్టి ముక్కలు కొలిచి కోసి, ప్యాన్ అడుగుకి సరిగ్గా తగిలేలా దూర్చండి. కాలు పడే రెండు చోట్లా, డ్రెయిన్‌కి అటూ ఇటూ చాలు. వాటి మధ్య గాలి ఆడుతుంది, కారితే కంటికి కనబడుతుంది.

రహదారి_రాజు:
తక్కువ ఉబ్బే ఫోమ్ కొద్దికొద్దిగా కొట్టి, ఆరేదాకా ప్యాన్ నిండా నీళ్లు పెడితే పైకి లేవదండీ. నా బండిలో అలాగే ఉంది, ఇప్పటిదాకా ఏమీ కాలేదు. నట్టు చుట్టూ మాత్రం ఖాళీ వదలాలి, ఆ మాట సరైనదే. మెత్తబడ్డ నేల సంగతి ప్రయాణం అయ్యాక చూసుకోవచ్చు. ఫ్యాన్ పెట్టి ఆరబెట్టి, ఎపాక్సీ పోస్తే గట్టిపడుతుంది.

నట్టు_బోల్టు:
పైపైన ఊరిన చెక్క అయితే ఎపాక్సీ పనిచేస్తుంది. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. సులువుగా దిగిపోతే ఆ చెక్కలో బలం లేదు, కోసి తీసేయాల్సిందే. పక్కన ఎంతదాకా పాకిందో అలా గుచ్చుకుంటూ పోతేనే తెలుస్తుంది. దయచేసి తడి చెక్క మీద ఏదీ మూయొద్దు, పిల్లలు పడుకునే బండి అది. బూజు పట్టడానికి ఒకటి రెండు రోజుల తడి చాలు. అండర్‌బెల్లీ షీటు (బండి అడుగున కప్పిన షీటు) కూడా ఒక మూల విప్పండి. ఇన్సులేషన్ స్పాంజిలా నీళ్లు పట్టుకుని ఉంటే పైన ఎంత ఆరబెట్టినా లాభం లేదు.

చక్రాల_ఇల్లు:
గుచ్చి చూశాను. డ్రెయిన్ వైపు జానెడు మేర మొన సులువుగా దిగింది, ఆ తర్వాత గట్టిగానే ఉంది. షీటు మూల విప్పగానే గ్లాసు నిండా ఎర్ర నీళ్లు కారాయి, ఇన్సులేషన్ ముద్దగా ఊడి వచ్చింది. మామయ్య వచ్చి స్వయంగా చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత రంపం తెమ్మన్నారు. జానెడు చెక్కా కోసి తీసేశాం. డ్రెయిన్ కన్నం చుట్టూ పగుళ్లు లేవు. ఆధారానికి ముక్కలే పెడుతున్నాం, ఫోమ్ వద్దనుకున్నాం. ఇప్పుడు రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. చెమ్మ మీటరు ఒకటి అడిగి తెచ్చాను. పాడవని మూలలో చెక్క ఎంత చూపిస్తోందో ఇక్కడా అంతకి దిగేదాకా కొత్త ప్లైవుడ్ వేయను. ప్రయాణం ఒక వారం వెనక్కి జరిపాం.