ఒక చోట ఎల్, ఇంకో చోట డబుల్ ఎక్స్ఎల్. అసలు నా సైజు ఏది?

వానమబ్బు:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. నిన్న జరిగినదానికి మనసేం బాగాలేదు, ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది.

నాకు 39 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. పాతికేళ్లప్పటి ఒళ్లు ఇప్పుడు లేదు, అది నాకూ తెలుసు. నాకు అర్థం కానిది ఈ సైజుల సంగతి. ఒంటికి చక్కగా సరిపోయి, నేను రోజూ మార్చి మార్చి వేసుకునే ప్యాంట్లు మూడున్నాయి. ఒకదాని మీద ఎల్, ఒకదాని మీద ఎక్స్ఎల్, ఇంకోదాని మీద 36. నిన్న ఒక షాపులో ఎందుకైనా మంచిదని డబుల్ ఎక్స్ఎల్ తీసుకుని ట్రయల్ రూములోకి వెళ్తే అది తొడల దగ్గరే ఆగిపోయింది, ఎంత లాగినా పైకి రాలేదు. తలుపు కొంచెం తెరిచి ఇంకో సైజు ఉందా అని అడిగాను. అక్కడున్న అమ్మాయి నలుగురికీ వినపడేలా "ఈ మేడమ్ సైజు మన దగ్గర ఉండదు, వేరే ఎక్కడైనా చూసుకోమను" అని అవతల ఉన్న ఇంకో అమ్మాయికి కేకేసి చెప్పింది. నాతో అని ఉంటే అంత బాధపడేదాన్ని కాదేమో, నేను అక్కడే నిలబడి ఉండగా నా గురించి ఇంకొకరికి చెప్పింది. తలుపు పక్కనే నా బ్యాగు పట్టుకుని మా పాప ఉంది. దానికి పదకొండేళ్లు.

రాత్రి పడుకోబోయే ముందు చూస్తే పాప అద్దం ముందు నిలబడి, పొట్ట లోపలికి పీల్చి బిగబట్టి, పక్కకు తిరిగి చూసుకుంటోంది. నన్ను చూడగానే ఊపిరి వదిలేసింది. "అమ్మా, పెద్దయ్యాక నేను కూడా నీ సైజు అవుతానా?" అని అడిగింది. ఆ గొంతులో భయం ఉంది. నాకు ఏం చెప్పాలో తోచక "పడుకో, పొద్దున మాట్లాడుకుందాం" అని లైటు ఆపేశాను. తర్వాత కూర్చుని నా బట్టల లేబుళ్లన్నీ కత్తెరతో కత్తిరించేశాను. ఇప్పుడు ఈ టాప్‌కి మిగిలిన దారం ముక్కలు మెడ వెనక గుచ్చుకుంటున్నాయి.

ఈ నంబర్లకు అసలు లెక్కంటూ ఏమైనా ఉందా? పాపకు ఏం చెప్పాలి? రెండో దానికి జవాబు తెలిసినవాళ్లు తప్పకుండా రాయండి.

కత్తెర:

వానమబ్బు గారూ, నేను రెడీమేడ్ బట్టల యూనిట్‌లో 16 ఏళ్లుగా ప్యాటర్న్‌లు గీస్తున్నాను. మీ మొదటి ప్రశ్నకు నేను చెప్పగలను. మీ మూడు ప్యాంట్లూ మీకు సరిపోయాయంటే మీ కొలత ఒకటే, వాళ్ల లెక్కలే మూడు.

ప్రతి కంపెనీ ముందు ఒక మనిషిని పెట్టుకుని ఆమె ఒంటికి సరిపోయేలా ఒక సైజు గీయిస్తుంది. ఫిట్ మోడల్ అంటాం. ఆమెకు ప్యాంటు బాగా కుదిరితే ఆ సైజు ఓకే. మిగతా సైజులన్నీ దాన్నే కొంచెం కొంచెం పెంచి, తగ్గించి చేస్తాం, దీన్ని గ్రేడింగ్ అంటారు. నడుముకు ఇంత, సీటుకు ఇంత, తొడకు ఇంత అని ముందే లెక్క కట్టి ఉంటుంది. మోడల్‌కు దగ్గరగా ఉన్న సైజుల్లో ఇది బాగానే నడుస్తుంది. పైకి పోయేకొద్దీ తేడా కొడుతుంది, ఎందుకంటే ఒళ్లు అన్ని వైపులా సమానంగా పెరగదు. ఒకరికి పొట్ట దగ్గర, ఒకరికి తొడల్లో, ఒకరికి చాతీ దగ్గర వస్తుంది. భుజం ఎముక అయితే పెద్దగా మారదు. అందుకే పెద్ద సైజు షర్టులు చాలావాటికి భుజం కిందికి జారిపోయి ఉంటుంది, చాతీ దగ్గర మాత్రం గుండీల మధ్య విచ్చుకుంటుంది. పెద్ద సైజులకు వేరే మోడల్‌ను పెట్టి, టక్స్ మార్చి, మొదటి నుంచి వేరే ప్యాటర్న్ గీస్తే ఆ సమస్య చాలావరకు పోతుంది. దానికి టైమూ డబ్బూ అవుతాయి కాబట్టి చాలామంది చేయరు. మీ తొడల దగ్గర ప్యాంటు ఆగిపోయింది అంటే ఆ గీసినవాళ్లు తొడకు తక్కువ ఇచ్చారు, అంతే.

ఇంకోటి. బట్టను పొరలు పొరలుగా పేర్చి ఒకేసారి కత్తిరిస్తాం. పొరలు ఎక్కువయ్యేకొద్దీ పైపొరకూ అడుగు పొరకూ కొంచెం తేడా వస్తుంది. సాగే బట్ట అయితే కత్తిరించాక ముడుచుకుంటుంది. రంగును బట్టి, వాష్‌ను బట్టి కూడా మారుతుంది. మా దగ్గర నడుము అర అంగుళం అటూ ఇటూ ఉన్నా పాస్ చేస్తాం. ఒకటి అర అంగుళం ఎక్కువ, ఇంకోటి అర అంగుళం తక్కువ వచ్చిందనుకోండి, ఒకే లేబుల్ ఉన్న రెండు ప్యాంట్ల మధ్య అంగుళం తేడా. నల్లది పట్టి నీలంది పట్టకపోతే మీరు వారంలో లావైపోయినట్టు కాదు.

అసలు ఈ నంబర్లు ఎలా వచ్చాయో కూడా చెప్తాను, నాకు ఇది ఇష్టమైన సంగతి. 1939, 1940లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ అనే ఇద్దరు దాదాపు 15,000 మంది ఆడవాళ్లను కొలిపించారు, ఒక్కొక్కరికి 59 కొలతలు. పోస్టులో తెప్పించుకున్న బట్టలు సరిపోక వెనక్కి వచ్చేస్తుండటం అప్పటి పెద్ద తలనొప్పి. కొలవడం అందరినీ కొలిచినా చివరి లెక్కలో తెల్లజాతి వాళ్ల కొలతలే ఉంచారు. ఆ లెక్కల మీద 1958లో ఒక ప్రమాణం వచ్చింది. అందులో సైజు 8 అంటే చాతీ 31 అంగుళాలు, నడుము 23న్నర. ఇప్పుడు అదే 8 అని లేబుల్ ఉన్న గౌను అంతకంటే చాలా వెడల్పుగా ఉంటుంది. చిన్న నంబరు చూస్తే కొనేవాళ్లు సంతోషిస్తారని కంపెనీలు నంబరు అలాగే ఉంచి బట్టను పెంచుకుంటూ పోయాయి. 1983లో ఆ ప్రమాణాన్నే ఎత్తేశారు. ఆ తర్వాత ఎవరి టేపు వాళ్లది.

కొనేటప్పుడు ఇలా చేయండి. మీకు బాగా కుదిరిన ప్యాంటును బల్ల మీద పరిచి నడుము, సీటు, తొడ అడ్డంగా కొలవండి, రెండుతో హెచ్చించండి. ముందు వైపు కాళ్లు కలిసే కుట్టు నుంచి బెల్టు పట్టీ దాకా ఎంతుందో కూడా రాసుకోండి, చాలామంది దాన్ని వదిలేస్తారు, కూర్చున్నప్పుడు కోసుకుపోయేది అక్కడే. ఆన్‌లైన్‌లో చూసేటప్పుడు చార్టులో ఇచ్చింది ఒంటి కొలతా, బట్ట కొలతా అన్నది చూసుకోండి. రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియకే సగం ఆర్డర్లు వెనక్కి వెళ్తాయి అనిపిస్తుంది నాకు.

సన్నజాజి:

అక్కా, మీ పోస్ట్ చదివి ఏడుపొచ్చింది. నాది మీకు పూర్తిగా రివర్స్. నాకు ఎక్స్ఎస్ కూడా లూజు. చిన్నప్పటి నుంచి "ఎముకల గూడు", "గాలొస్తే ఎగిరిపోతావు", "ఇంట్లో తిండి పెట్టట్లేదా" ఇవే మాటలు. లావుగా ఉన్నవాళ్లను అంటే తప్పని కొందరికైనా తెలుసు, సన్నగా ఉన్నవాళ్లను అంటే అది ప్రేమతో అన్నట్టే లెక్క. ఆఫీసులో ఒకావిడ అందరి ముందూ నా మణికట్టు చుట్టూ తన వేళ్లు చుట్టి చూపించింది, వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి పొడుగు చేతుల షర్టులే వేస్తున్నాను, ఎండాకాలంలో కూడా. అడ్వైస్ ఇవ్వడానికి రాయలేదు, మీరు ఒక్కరే కాదని చెప్పడానికి రాశాను.

మరోమాట:

నేనొకటి చెప్తే ఎవరూ తప్పుగా అనుకోవద్దు. లేబుల్ సంగతి సరే, కానీ ఒళ్లు పెరగడం ఆరోగ్యానికి మంచిది కాదు కదా. ఆ అమ్మాయి మాట బాధపెట్టినా ఒక హెచ్చరికలా తీసుకుని బరువు తగ్గితే అన్ని రకాలుగా మంచిది. పాపకు కూడా ఇప్పటి నుంచే చెప్తే తర్వాత కష్టపడదు.

లెక్కల టీచర్:

మరోమాట గారూ, మీరు మంచి మనసుతోనే రాశారు, కానీ నేను ఒప్పుకోను. ఆమె అడిగింది బరువు గురించి కాదు. ఆమె బీపీ ఎంతో, షుగర్ ఉందో లేదో, రోజూ ఎంత నడుస్తుందో మనకెవరికీ తెలియదు. తొడ దగ్గర ఆగిన ప్యాంటును బట్టి ఆరోగ్యం చెప్పలేం. బీఎంఐ అని, ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూడటానికి మనం వాడే లెక్క కూడా 1830లలో క్వెటెలెట్ అనే బెల్జియం గణిత శాస్త్రవేత్త జనాభా మొత్తాన్ని లెక్కలో చూడటానికి కట్టింది. ఒక్క మనిషిని పట్టుకుని ఈమె ఆరోగ్యంగా ఉందా లేదా తేల్చడానికి అదొక్కటే చాలదు. డాక్టరు చూడాల్సినవి వేరే చాలా ఉన్నాయి, అవి ట్రయల్ రూము బయట నిలబడి చూసేవి కావు. ఇక పదకొండేళ్ల పిల్లకు బరువు తగ్గమని ఇప్పటి నుంచే చెప్పడం, దయచేసి వద్దు. నా క్లాసులో ఒకమ్మాయి మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్లేది. మూడు వారాలకు గానీ నేను గమనించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. ఆ వయసులో ఎత్తు పెరిగే ముందు కొందరు పిల్లలకు ఒళ్లు వస్తుంది, అది ఎదుగుదలలో భాగం.

వానమబ్బు గారూ, మీ రెండో ప్రశ్నకు నేను మా పిల్లలకు చెప్పే ఒక సంగతి చెప్తాను. అమెరికాలో రాబర్ట్ డికిన్సన్ అనే డాక్టరు, ఏబ్రమ్ బెల్‌స్కీ అనే శిల్పి కలిసి వేలమంది యువతుల కొలతల సగటు తీసి ఒక విగ్రహం చేశారు. పేరు నార్మా. మామూలు ఆడపిల్ల అంటే ఇలా ఉండాలి అని చూపించడానికి. 1945లో క్లీవ్‌లాండ్‌లో ఒక పత్రిక పోటీ పెట్టింది, నార్మా కొలతలకు ఎవరు సరిపోతారో రండి అని. 3,864 మంది తమ కొలతలు పంపారు. చూసింది తొమ్మిది కొలతలు. తొమ్మిదింటిలోనూ నార్మాకు దగ్గరగా ఉన్నది ఎంతమందో తెలుసా, ఒక్కరు కూడా లేరు. ఐదింటిలో సరిపోయినవాళ్లే నలభై మంది కన్నా తక్కువ. మా పిల్లలకు ఇది చెప్పి టేపు చేతికిస్తే, ముందు నా చెయ్యి కొలుస్తారు, తర్వాత ఒకరివొకరు కొలుచుకుంటారు. ఒకే ఎత్తు ఉన్న ఇద్దరికి కాళ్ల పొడవు వేరు, ఒకే బరువు ఉన్న ఇద్దరికి భుజాలు వేరు. వాళ్లకు వాళ్లే కనిపెడతారు, నేను పాఠం చెప్పక్కర్లేదు. కాకపోతే పొట్టలూ నడుములూ కొలవనివ్వను, చేతులు, పాదాలు, తల చుట్టూ, ఇలాంటివే.

పాప అడిగినదానికి మీరు జవాబు ఇవ్వకుండా లైటు ఆపారు కదా, దాని గురించి ఎక్కువ బాధపడకండి. మళ్లీ మొదలుపెట్టొచ్చు. "నిన్న నువ్వు అడిగితే నేను చెప్పలేదు" అని మీరే ఎత్తండి. పిల్లలు మనం వాళ్ల గురించి అనే మాట కంటే మన గురించి మనం అద్దం ముందు అనుకునే మాటను ఎక్కువ వింటారు.

గళ్ళచొక్కా:

నేను ఐదేళ్లు బట్టల షాపులో చేశాను. మాకు మొదటి రోజే చెప్పారు, "మీ సైజు లేదు" అనకూడదు, "ఈ రకంలో ఇంతవరకే వచ్చాయండి" అనాలి అని. లేనిది షాపులో, మనిషిలో కాదు. ఆ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. వీలైతే మేనేజరుకు ఒక మాట చెప్పండి, ఆ పిల్ల ఉద్యోగం పోయేలా కాదు, నేర్పించమని.

వానమబ్బు:

అందరికీ థాంక్స్. కత్తెర గారు చెప్పినట్టు ఈ సాయంత్రం మూడు ప్యాంట్లూ మంచం మీద పరిచాను. టేపు అటు చివర పాపే పట్టుకుంది. ఎల్, ఎక్స్ఎల్, 36, మూడింటికీ నడుము దాదాపు ఒకటే, మహా అయితే పావు అంగుళం తేడా. ఎల్ అని ఉన్నదే కాస్త వెడల్పు! పాప రెండుసార్లు కొలిచి "అమ్మా, వీళ్లు తప్పు రాశారు" అంది. అప్పుడు చెప్పాను, నిన్న నువ్వు అడిగితే నేను చెప్పలేదు, ఎందుకంటే ఆ అమ్మాయి మాటకు నాకు కూడా బాధేసింది అని. నువ్వు ఏ సైజు అవుతావో నాకూ తెలియదు, ఏదైనా సరే నీకు సరిపోయే బట్టలు వెతికి కొనడం నా పని అని కూడా చెప్పాను. ఏమీ అనలేదు. కాసేపాగి నార్మా గురించి చెప్తే మాత్రం ఆ పోటీలో ఎవరికి ప్రైజ్ ఇచ్చారు మరి అని అడిగింది. టీచర్ గారూ, దానికి జవాబు మీ దగ్గర ఉందా?

లెక్కల టీచర్:

ఉంది. అందరిలోకీ కాస్త దగ్గరగా ఉన్న ఒకమ్మాయికి ఇచ్చారు. ఆమెకు కూడా తొమ్మిదీ కలవలేదు.