ఏదుం తిన్నా… ఆ తర్వాత ఏమిటి?

హనుమకొండ: మా ఊళ్లో పాత ఇంటి సామానంతా ఒక గదిలో పెడుతున్నాం. గిద్ద నుంచి కుంచం దాకా ఇత్తడి కొలతలు వరుసగా పేర్చాం. పైన పందుం, ఏదుం అనే ధాన్యపు కొలతల సామెత ఒకటి రాయాలి. ‘పందుం తిన్నా పరగడుపే, ఏదుం తిన్నా…’ అక్కడే ఆగిపోయాను, నిద్ర పట్టనివ్వడం లేదు. ఇంకోటి, మానిక అడుగున ఉర్దూ అంకెల్లో 1350 ముద్ర ఉంది. ఏ సంవత్సరమని రాయాలి?

జనగామ: ‘ఏకాశే’. తాలవ్య శ రాయండి. ఏకాశనం, ఒంటిపూట భోజనం. ఏదుం తిన్నా ఒంటిపూట తిన్నట్టే అని అర్థం.

పరకాల: సార్, ముందు పరగడుపు అన్నాక దానికి జోడీగా ఒంటిపూట ఎందుకొస్తుంది? ఉపవాసమే రావాలి. ఏకాదశి జనం నోట్లో ఏకాసి అయింది. తొలి ఏకాదశిని మా దిక్కు తొలేకాసి అనే అంటారు. ‘స’ రాయండి. కాళోజీ నడిచిన ఊళ్లో పలుకుబడిని దిద్దకూడదు.

జనగామ: ఏకాదశి అన్నా అందులో ఉన్నది శ కారమే. మీ వాదనతోనే నా అక్షరం నిలిచింది.

పరకాల: అక్షరం నిలిచింది, అర్థం నిలవలేదు.

జగిత్యాల: దీన్ని తిండిపోతు సామెతగా చదవడమే నాకు నచ్చదు. పందుం అంటే పది తూములు, అర పుట్టి; ఏదుం అందులో సగం. అది కంచంలో లెక్క కాదు, కల్లంలో లెక్క. నాగుకు, అంటే గింజల వడ్డీకి, అప్పు తెచ్చిన గింజలు కల్లంలోనే కొలిచి ఇచ్చేస్తే రైతుకు మిగిలేది పరగడుపే. అసలు మాట ‘పందుం పండినా పరగడుపే’ అయి ఉంటుందని నా నమ్మకం. ప, ప, ప ఎంత బాగా కలిశాయో చూడండి.

పరకాల: అన్నా, రెండో సగంలో ‘ఏదుం పండినా’ అంటే ఆ కలయిక ఎక్కడుంది? మా అమ్మమ్మ నోట రెండు చోట్లా ‘తిన్నా’ అనే విన్నాను.

కరీంనగర్: 1350 ఫసలీ, అంటే పంటల లెక్క సంవత్సరం, అయితే 590 కలపండి, 1940-41 వస్తుంది. హిజ్రీ అయితే 1931-32. నిజాం నాణేల మీద హిజ్రీ ఉంటుంది, రెవెన్యూ కాగితాల్లో ఫసలీ. కొలపాత్ర ధాన్యం లెక్కకు దగ్గరిది కాబట్టి నేను ఫసలీ వైపే. ఉర్దూ సున్న ఒట్టి చుక్క. అది ముద్రేనా, సొట్టా అన్నది భూతద్దంతో చూడండి.

మడికొండ: బిందెలు, గంగాళాల మీద పేర్లు కూడా చూడండి తమ్ముడూ. పెళ్లి సామాను మీద పేరు, తేదీ కొట్టించేవారు. ‘భూమిపై బేరైనం గలదే’ అన్న పోతన పద్యం నాకు ఆ గంగాళాలు చూసినప్పుడల్లా గుర్తొస్తుంది.

జనగామ: అక్కా, ఆ పద్యాన్ని అక్కడ ఆపితే బలికి అన్యాయం. సిరి మూటగట్టుకొని పోయినవాళ్లు లేరన్నాక, వెంటనే శిబి లాంటి వాళ్లను ఇప్పటికీ మరిచారా అని శుక్రుణ్ణే అడుగుతాడు. పేరు పోతుందన్న దిగులు కాదది, ఇచ్చినవాడి పేరు ఉంటుందన్న ధీమా. మూడడుగులు ఇవ్వడానికి సిద్ధపడి, వద్దన్న గురువుతో అంటున్న మాట. చివర ఆ ‘భార్గవా’ అన్న పిలుపులో ఎంత గౌరవం, ఎంత మొండితనం! బమ్మెర మాకు దగ్గరని చెప్పడం లేదు, ఎవరు చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

మడికొండ: ఒప్పుకుంటాను. కానీ ఆ పద్యంలో ‘వారేరీ’ దగ్గర గొంతు ఆగాలి. అందరూ పరుగెత్తిస్తారు.

జగిత్యాల: ఆ బలి దగ్గర ఒక కుంచమే ఉండేది. మా కల్లాల్లో తీసుకునే కుంచం వేరు, ఇచ్చే కుంచం వేరు. నా ‘పండినా’కు అదే సాక్ష్యం.

హనుమకొండ: పలక రాసేవాడు శనివారం వస్తాడు. శ రాయమంటారా, స రాయమంటారా?

పరకాల: స.

జనగామ: శ.

కరీంనగర్: ఏది రాసినా, ఈలోపు ఆ మానికను చింతపండు పెట్టి తోమనివ్వకండి. ముద్ర అరిగిపోతుంది.