అప్‌డేట్: పొరపాటు మోడల్‌ది కాదు, నాదే

వీడియోల్లో మనుషుల పనులను గుర్తించే నా ఏఐ మోడల్ పరీక్షలో దాదాపు తప్పులేకుండా నెగ్గి, మేము తీసిన వీడియోల దగ్గర చతికిలపడుతోందని పోయిన నెల అడిగాను. కారణం దొరికింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. 2012 నాటి యూసీఎఫ్101 అనే వీడియోల సేకరణలోని 13,320 క్లిప్పులను నేను శిక్షణకు కొన్ని, పరీక్షకు కొన్ని అని చీట్లు తీసినట్టు విడదీశాను. అందులో ఒక్కో పనికి 25 గుంపులు. ఒకే గుంపు క్లిప్పుల్లో తరచూ అదే మనిషి, అదే నేపథ్యం. అంటే శిక్షణలో చూసిన గోడలనే మోడల్ పరీక్షలోనూ చూసింది! ఫైలు పేరులో ‘జీ’ పక్కనున్న అంకె గుంపుదేనని మీలో ఒకరు చెప్పేదాకా గమనించలేదు.

అందుకే ఆ సేకరణకున్న మూడు అధికారిక విభజనల్లో మొదటిది వాడాను: మొదటి 7 గుంపులు పరీక్షకు, మిగిలినవి శిక్షణకు. ఫలితం బాగా పడిపోయింది. మా గైడు గారు మాత్రం ఇప్పుడే నమ్ముతానన్నారు. మిగతా రెండు విభజనలు ఇంకా నడుస్తున్నాయి.