ఇంటి ప్రార్థనకు జపమాల చాలునా, బైబిలు పఠనం కూడా ఉండవలెనా?

ఇద్దరు పిల్లల తండ్రి (హైదరాబాదు):
అందరికీ క్రీస్తు నామమున వందనములు. రాత్రి భోజనానికి ముందు జపమాల (పూసల మీద లెక్కిస్తూ మరియమ్మకు యాభై మంగళవార్త జపాలు) చెప్పుకోవడం మా కతోలిక ఇంట్లో అమ్మానాన్నల కాలం నుంచి వస్తున్న అలవాటు. భద్రమైన అభ్యంగనానికి (బాప్తిస్మంలో పొందిన విశ్వాసాన్ని స్థిరపరచే సంస్కారానికి) సిద్ధపడుతున్న మా పెద్దమ్మాయి మొన్న, "నాన్నా, ఒకే మాట యాభై సార్లు చెబితే దేవునికి ఎక్కువ వినబడుతుందా?" అని అడిగింది. నేను కోప్పడలేదు కానీ జవాబూ చెప్పలేకపోయాను. మాకు దొరికేది అరగంట. అందులో జపమాలే కొనసాగించాలా, ఆనాటి పూజ పఠనాలు చదువుకోవాలా? మీ ఇళ్లలో దేనిని ఆధారం చేసుకున్నారో తెలియజేయగలరు.

విశ్రాంత ఉపదేశి (గుంటూరు జిల్లా):
జపమాల మానవద్దు. నేను ఉపదేశిగా పనిచేసిన పల్లెల్లో గురువులు నెలకొకసారి వచ్చి దివ్యబలిపూజ సమర్పించేవారు. మిగిలిన ఆదివారాల్లో జనాన్ని గుడిలో నిలబెట్టింది జపమాలే. పరలోక జపం ప్రభువు నేర్పినది. మంగళవార్త జపంలో మొదటి సగం లూకా సువార్త 1వ అధ్యాయంలో గబ్రియేలు దూత, ఎలిజబెతమ్మ పలికిన మాటలే. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం కూడా జపమాలను సమస్త సువార్త సారాంశమని అంటుంది. నోరు మరియమ్మకు వందనం పలుకుతుండగా మనసు ఆనాటి దేవరహస్యం మీద, అంటే ప్రభువు, మరియమ్మల జీవితంలోని ఆ ఘట్టం మీద నిలవాలని మీ అమ్మాయికి చెప్పండి.

వాక్య పాఠకురాలు (విజయవాడ):
సారాంశం చదివి గ్రంథం చదివినట్టు అనుకోవడమే మన ఇళ్లలో జరుగుతున్న పొరపాటు. "వేదగ్రంథం ఎరుగకపోవడం క్రీస్తును ఎరుగకపోవడమే" అన్న పునీత జెరోముగారి మాటను రెండవ వాటికన్ మహాసభ 1965లో దైవవాక్కును గురించిన పత్రంలో చేర్చి, విశ్వాసులందరినీ తరచుగా చదవమని కోరింది. ఆదివార పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వస్తాయి కనుక శనివారం రాత్రి సువార్త ముందుగా చదువుకుంటే మరునాడు గుడిలో ప్రసంగం పిల్లలకు కొత్తగా ఉండదు. మా ఇంట్లో ఆరేళ్లుగా ఇదే పద్ధతి.

కువైట్ నుంచి ఒక సభ్యుడు:
ఇక్కడ మా సెలవు శుక్రవారం కనుక వారాంతపు పూజ ఆ రోజే దొరుకుతుంది. మిగిలిన రోజుల్లో ఫోనులో ఆనాటి పఠనం, జేబులో జపమాల. నాకు రెండూ కావాలి.

గుణదల యాత్రికురాలు:
గురువారం వెలుగు దేవరహస్యాలు (ప్రభువు బహిరంగ సేవలోని ఐదు ఘట్టాలు) చెబుతున్నారా? కానా పెండ్లి, దివ్యరూపధారణ అందులోనే ఉన్నాయి కదా.

విశ్రాంత ఉపదేశి:
మేము పదిహేను దేవరహస్యాలే చెబుతాము, ఒక్కొక్కదానికి పది మంగళవార్తలు. నూట యాభై కీర్తనలకు బదులుగా చదువు రానివారు నూట యాభై మంగళవార్తలు చెప్పుకున్నారు. ఇరవై చేస్తే ఆ లెక్క పోతుంది. గురువారం ప్రభువు జననం, బాల్యం గురించిన సంతోష దేవరహస్యాలే మా పద్ధతి.

వాక్య పాఠకురాలు:
పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 2002 అక్టోబరులో ఒక లేఖలో వెలుగు దేవరహస్యాలను ప్రతిపాదించారు. ఆ పదిహేనింటిలో దేవాలయంలో పన్నెండేళ్ల యేసు కనబడిన తరువాత నేరుగా గెత్సేమని తోట వస్తుంది. ప్రభువు బోధించినది, స్వస్థపరచినది ఏదీ లేదు. వాక్యం చదివే అలవాటు ఉంటే ఈ వెలితి మనకే తెలిసేది.

విశ్రాంత ఉపదేశి:
ఆ లేఖలోనే దానిని విశ్వాసుల స్వేచ్ఛకు వదిలారు. మీరు ఆ మాట దాచి నాకు వెలితి చూపిస్తున్నారు.

వాక్య పాఠకురాలు:
నేను దాచలేదు. గురువారం సంగతి పక్కన పెట్టి, నేను ఇంత పట్టుదలగా ఎందుకు అడుగుతున్నానో చెబుతాను. మా తమ్ముడు పదిహేనేళ్లు ప్రతి రాత్రి మాతో జపమాల చెప్పాడు. కళాశాలలో ఒక మిత్రుడు, "మృతుల కోసం ప్రార్థించమని, మరణించాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలం ఉందని బైబిల్లో ఎక్కడుంది?" అని అడిగితే ఇంటికి వచ్చి నాన్నను అడిగాడు. నాన్న "నమ్మాలి, అడగకూడదు" అన్నారు. ఆ ఏడాదే వాడు వేరే సంఘానికి వెళ్లిపోయాడు. మా అల్మరాలో, ప్లాస్టిక్ కవరు కూడా తీయని మన బైబిల్లో, మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో, యూదా మక్కబీయుడు చనిపోయిన సైనికుల పాపపరిహారార్థం యెరూషలేముకు వెండి నాణేలు పంపినట్టు ఉంది. ప్రొటెస్టంటు అయిన వాడి మిత్రుని 66 పుస్తకాల బైబిల్లో ఆ గ్రంథమే లేదు. మన కతోలిక బైబిలు 73 పుస్తకాల్లో ఉందని చెప్పగలిగినవారు మా ఇంట్లో ఒక్కరూ లేకపోయారు.

విశ్రాంత ఉపదేశి:
మీ తమ్ముని సంగతి నన్ను బాధించింది. అయితే ఇన్ని పోస్టుల్లో నన్ను నొప్పించినది గురువారం కాదని నాకూ ఇప్పుడే అర్థమవుతోంది. మా అమ్మకు అక్షరం రాదు. గ్రంథం ఎరుగనివారు క్రీస్తును ఎరుగరని మీరు రాసినప్పుడు ఆమె కళ్ల ముందు మెదిలింది. పట్నం నుంచి శిక్షణకు వచ్చిన ఒకరు అందరి ముందు ఆమెను "అమ్మా, మీది అలవాటే గానీ విశ్వాసం కాదు" అన్నారు. ఆమె ఆ తరువాత ఎన్నడూ గుడిలో ముందు వరుసలో కూర్చోలేదు.

వాక్య పాఠకురాలు:
ఆ మాట అన్నవారు తప్పు చేశారు. జెరోముగారి మాటను నేనూ అలా వాడకూడదు, క్షమించండి. మీ అమ్మగారు పిల్లలకు జపమాల ఎలా నేర్పేవారు? మీ అభిప్రాయాన్ని కాదు, ఆమె చేసినదాన్ని అడుగుతున్నాను.

విశ్రాంత ఉపదేశి:
ప్రతి పదికి ముందు ఆగేది. మరియమ్మ ఎలిజబెతమ్మను చూడబోయిన రహస్యం వస్తే, మా ఊరి నుంచి గుణదల కొండకు నడిచినప్పుడు కాళ్లు ఎక్కడ బొబ్బలెక్కాయో చెప్పి, "ఆ తల్లి కడుపులో బిడ్డతో ఇంతకన్నా ఎక్కువ దూరమే కొండదారిన నడిచిందిరా" అనేది. మేము ప్రశ్నలు అడిగేవాళ్లం. తెలిసినది చెప్పేది, తెలియనిది గురువులు వచ్చినప్పుడు అడిగి మళ్లీ మాకు చెప్పేది. అడగవద్దని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఇద్దరు పిల్లల తండ్రి:
ఈ రాత్రి నుంచి ఒక్కొక్క పదికి ముందు, ఆ దేవరహస్యం సువార్తలో ఉన్నచోట నాలుగైదు వచనాలు అమ్మాయి చేత చదివిస్తాను. అరగంటలో ఐదు పదులూ పూర్తికాకపోతే రెండింటితో ఆపవచ్చునా?

విశ్రాంత ఉపదేశి:
ఆపండి. మిగిలినవి మరునాడు చెప్పుకోండి. గురువారం ఏవి చెప్పాలో మీ అమ్మాయినే ఎంచుకోమనండి.