అప్‌డేట్: పంపు ప్లేటు మీద ‘హెడ్’ అంటే ఏంటో తేలింది

అమలాపురం దగ్గర కొబ్బరితోటకి మోనోబ్లాక్ పంపు (మోటారు, పంపు ఒకే దిమ్మగా ఉండేది) కొందామని, దాని వివరాలుండే ప్లేటు మీద ‘హెడ్’ అంటే ఏంటని ఇక్కడ అడిగాను. చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్.

హెడ్ అన్న మాట వేరే చోట్లా వింటాం: ధవళేశ్వరం హెడ్ స్లూయిస్ అంటే కాలువ మొదట్లో ఉండే తూము, చలానాలో హెడ్ అంటే పద్దు. ఆ రెంటికీ దీనికీ సంబంధం లేదు. మెకానిక్ చెప్పింది: నీటిమట్టం నుంచి నీళ్లు పడే చోటిదాకా ఎత్తు, దానికి పైపులో రాపిడికి పోయేది కలిపితే వచ్చే మీటర్లే హెడ్. పైపు పొడవు కాదు. సన్నపైపు వేసినా, బెండులు ఎక్కువైనా హెడ్ పెరిగి నీళ్లు తగ్గుతాయి.

‘హెడ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అన్న సలహా మాత్రం పాటించొద్దు. మన డెల్టాలో నీళ్లు పైపైనే ఉంటాయి. ఎక్కువ హెడ్ పంపుని తక్కువ ఎత్తుకి తిప్పితే నీళ్లు ఎక్కువ తోడి, ఆంప్స్ (మోటారు లాగే కరెంటు) పెరిగి వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) కాలిపోవచ్చు. ప్లేటు మీది హెడ్ రేంజి మధ్యలో మన మొత్తం హెడ్ పడేలా చూసుకోండి.