మేళం వాయించే ఇంట్లో మద్యం: అనుభవమున్నవారు చెప్పండి

డోలు ఇల్లాలు:
మా వారు 14 ఏళ్లుగా డోలు వాయిస్తున్నారు. మాఘం నుంచి వైశాఖం దాకా ముహూర్తాలున్న రోజుల్లో తెల్లవారుజామున ఇల్లు చేరతారు, అదీ తాగే చేరతారు. పెళ్లివారు మాట్లాడుకున్న సొమ్ములో కొంత కోసి, దానికి బదులన్నట్టు ఒక సీసా చేతిలో పెడుతున్నారు. బయానా ఎప్పుడో ఖర్చైపోతుంది, ఆషాఢం రాగానే నా గాజులు తాకట్టుకు వెళ్తాయి. గత నెల మానేస్తానని ఒట్టు వేసి రెండు రోజులు ఉన్నారు గాని, చేతులు వణికి, చెమటలు పట్టి, మూడో రోజు మళ్లీ మొదలుపెట్టారు. సొమ్ము నా ఖాతాలో వేయమని మేళం పెద్దను అడగవచ్చా? పాపతో పుట్టింటికి వెళ్లి కొన్నాళ్లు ఉంటే మారతారా?

సన్నాయి గాలి:
పెళ్లివారిని అనవద్దమ్మా. మూడు గంటలు ఊదాక దవడలు పట్టేస్తాయి, పెదవులు సన్నాయి పీక మీద నిలవవు. రెండు గుక్కలు పడితేనే గాలి నిలుస్తుంది. తప్పు మితం తెలియనివారిది.

బి-హై మృదంగం:
ఆకాశవాణిలో బి-హై శ్రేణి కళాకారుడిని, 30 ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను. మందు పడితేనే స్వరం పలుకుతుందని హిందీ సినిమా గాయకుడు సైగల్ కూడా నమ్మాడు. 1946లో వచ్చిన షాజహాన్ చిత్రానికి పాడేటప్పుడు ఒకే పాటను తాగకుండా ఒకసారి, తాగి ఒకసారి పాడించి వినిపిస్తే తాగనిదే బాగుందని ఆయనే ఒప్పుకున్నాడని ఆ చిత్ర సంగీత దర్శకుడు నౌషాద్ చెప్పేవారు. అప్పటికే ఆలస్యమైంది, 1947 జనవరిలో 42 ఏళ్లకే పోయాడు.

సన్నాయి గాలి:
గాత్రానికీ సన్నాయికీ పోలికేమిటి? చల్లటి గదిలో కూర్చుని వాయించే మీరు, మే నెల ఎండలో ఊరేగింపు ముందు ఎన్నిసార్లు నడిచారు? మీ శ్రేణిని ఇక్కడ ఎవరూ అడగలేదు.

బి-హై మృదంగం:
తాళం తప్పిన సంగతి తాగినవాడికి వినబడదు, పక్కన వాయించేవాడికి వినబడుతుంది. మీ పక్కవారిని అడిగి చూడండి.

కీబోర్డు శీను:
నేను ఆర్కెస్ట్రాలో వాయిస్తాను, మానేసి ఆరేళ్లయింది. 1979లో ప్యాటీ బాయిడ్‌ను పెళ్లాడిన ఇంగ్లండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ 1987లో తాగుడు మానాడు, 1998లో ఆంటిగ్వాలో చికిత్సాకేంద్రమే పెట్టాడు, ఆ పెళ్లి మాత్రం నిలవలేదు. నాదీ నిలవలేదు. మా బాబు అన్నప్రాసన నాడు నేను ఎవరి ఇంట్లోనో అన్నప్రాసనకు వాయించి, అక్కడే తాగి పడుకున్నాను. నేను మానిన మూడో నెలలో, ఇక ఎదురుచూసే ఓపిక లేదని చెప్పి ఆవిడ వెళ్లిపోయింది. తప్పు పట్టలేను.

గెలిచిన ఇల్లాలు:
చెల్లెమ్మా, ఏడుస్తూ కూర్చోకు. నేను మా ఆయనకు చెప్పకుండా కాఫీలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్ర కలిపాను. తాగిన ప్రతిసారీ వాంతులై, భయపడి మానేశాడు. రెండేళ్లయింది.

వార్డు నర్సు:
దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. ఆ మందు మీద మద్యం పడితే రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు; అందుకే వైద్యులు రోగికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. చేతుల వణుకు గురించి ఒక్కరూ మాట్లాడలేదేం? రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు, రెండు మూడు రోజులకు మతిభ్రమ రావచ్చు. ఈసారి ఇంట్లో ఆపనివ్వకుండా ఆసుపత్రిలో చేర్పించండి. తాగుడు, మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే దగ్గరి చికిత్సాకేంద్రం ఎక్కడుందో చెబుతారు.

గెలిచిన ఇల్లాలు:
నడుం మీద తన్నులు తిన్నదాన్ని నేను. యూనిఫాం వేసుకుని నీతులు చెప్పడం తేలికే.

వార్డు నర్సు:
మా నాన్న కూడా బ్యాండు వాయించేవారండీ. అంతకన్నా ఇక్కడ చెప్పను.

డోలు ఇల్లాలు:
ఆసుపత్రి సంగతి ఆయనతో మాట్లాడతాను. ఖాతా గురించి, పుట్టింటి గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మేళం పెద్ద:
నేను మేళం కడతాను. నా మేళంలో ఇద్దరి సొమ్ము వాళ్ల ఇంటివాళ్ల ఖాతాలకే వేస్తున్నాను, వాళ్లే ఒప్పుకుని చెప్పారు కాబట్టి. మగవాడికి తెలియకుండా అడిగితే రేపు అతను వేరే మేళానికి వెళ్లిపోతాడు, కనుక ఆయన చేతే చెప్పించమ్మా. సీసా వద్దు, దాని ఖరీదు లెక్కలో కలపండి అని పెళ్లివారికి బయానా రోజే చెబుతున్నాను.

సన్నాయి గాలి:
అయితే మీ మేళానికి నన్ను పిలవకండి.